నాయన ఉన్న కంప్యూటర్‌కు పరీక్షలు

మా ఇంట్లో కంప్యూటర్‌కు జబ్బు చేసింది. మనిషికి జబ్బు చేస్తే గోరిమేడు పెద్దాసుపత్రికి తీసుకెళ్లి వరుసలో కూర్చోబెడతాం. కంప్యూటర్‌ను మాత్రం ఎక్కడికీ తీసుకెళ్లకూడదని అమ్మ తేల్చి చెప్పింది. అంగడికి పంపకూడదు. లోపల కొత్తగా ఏదీ ఎక్కించకూడదు. ఉన్నదాన్ని కదిలించకూడదు. ఇవన్నీ పాటిస్తూ దాన్ని బాగుచేసే పని నాకు అప్పగించింది. నేను మేట్టుపాళయంలో ఒక గోదాములో సరుకు లెక్కలు చూసుకునే మనిషిని. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుంటాను కాబట్టి దాని లోపలి సంగతులన్నీ నాకు తెలుసని అమ్మ నమ్మకం. రోజూ బస్సెక్కే మనిషిని పట్టుకుని ఇంజను విప్పమన్నట్టు ఉంటుంది ఆ నమ్మకం.

అమ్మ షరతులకు కారణం ఉంది. ఆ కంప్యూటర్‌లో నాయన గొంతు ఉంది. ఇంకెక్కడా లేదు.

నాయన మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతపడ్డాక చేతికొచ్చిన దాంట్లో ఆయన తోటివాళ్లు కొందరు ఆటో కొన్నారు, కొందరు ఇంటిమీద ఇంకో అంతస్తు వేశారు. మా నాయన కంప్యూటర్ కొన్నాడు. ప్రపంచమంతా అందులో ఉంటుందని ఎవరో చెప్పారట. ఆయన ఆ ప్రపంచంలో పేకాట దాకా వెళ్లి ఆగిపోయాడు. ముక్కలు పంచడంలో కంప్యూటర్ మోసం చేస్తోందని ఆయన అనుమానం. పోయేదాకా ఆ అనుమానం తీరలేదు.

మిల్లు ఆయనకు ఇచ్చిన రెండో సంగతి దగ్గు. ఏళ్ల తరబడి పీల్చిన దూది ధూళి ఊపిరితిత్తుల్లో ఇల్లు కట్టుకుంది. పొగ తగలకూడదని డాక్టర్లు చెప్పారు. మా ఇంట్లో శుక్రవారం సాంబ్రాణి వేయకపోవడమంటే వంటింట్లో ఉప్పు లేకపోవడం లాంటిది. అయినా అమ్మ ఆ రోజే ధూపం గిన్నెను అటకెక్కించింది. చుట్టాలు వచ్చి ఇదేం ఇల్లని మూతులు తిప్పుకున్నారు. అమ్మ వాళ్లకు కాఫీ ఇచ్చి పంపించింది.

ఇక ఆ గొంతు సంగతి. ఒక రోజు నాయన మైకు తగిలించి, గొంతు రికార్డు చేసే ప్రోగ్రాం ఒకటి కనిపెట్టాడు. అది పనిచేస్తుందో లేదో చూశాడు. చూసి, పనిచేయడం లేదని తేల్చాడు. ఆ తేల్చడం మొత్తం రికార్డయింది. మాకు మిగిలింది అదే.

"అలో... అలో... ఇది పట్టుకుంటా ఉండాదా లేదా?" అంటాడు ముందు. తర్వాత బాగా దగ్గుతాడు. "ఏమే, ఆ పొగ యాడ్నుంచి వస్తా ఉండాది?"

వంటింట్లోంచి అమ్మ గొంతు సన్నగా వినిపిస్తుంది. "పక్కింట్లో సాంబ్రాణి వేసినారు. మనింట్లో యాడ వేస్తా ఉండాను?"

"కిటికీ మూయి. ఈడికొచ్చి నువ్వు గూడా ఏందన్నా మాట్లాడు."

"నేనేం మాట్లాడేది? కూర అడుగంటతా ఉండాది."

కుర్చీ జరిగిన చప్పుడు. "ఇది పనిచేయలా. దుడ్డు దండగ." అంతటితో అయిపోతుంది.

పెద్దమాటలు చెప్పి పోయిన తండ్రులు ఎక్కడైనా ఉంటారేమో. మా నాయన దుడ్డు దండగ అని చెప్పి పోయాడు. ఆయన ఫోనులో నంబర్లు తప్ప ఏమీ దాచుకోవడం కుదరదు. పెళ్లి వీడియోల్లో ఆయన ఎప్పుడూ భోజనాల బంతిలోనే కనిపిస్తాడు, నోటినిండా అన్నంతో. కాబట్టి ఆయన గొంతంటే ఇదే.

మాది తమిళ ఊరు కాబట్టి అమ్మకు తమిళం కూడబలుక్కుని చదవడం వచ్చు. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు, ఇంగ్లీషు అసలే రాదు. నేనైనా తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నదాన్నే. ఆ ఫైలును అమ్మ పేరుతో కాదు, చోటుతో గుర్తుపడుతుంది. తెర మూలన చెత్తబుట్ట బొమ్మ ఉంటుంది కదా, దాని పక్కన నాయన. ఆ ఇరుగుపొరుగు నాకు ఎప్పుడూ నచ్చేది కాదు. కొంచెం దూరం జరుపుతానంటే అమ్మ వద్దంది. పోనీ ఇంగ్లీషులో ఉన్న పేరు తీసి తెలుగులో 'నాయన' అని పెడతానన్నాను.

"పేరు మారిస్తే పిలిచినా పలకడు. ఉన్నది ఉన్నట్టే ఉండనీ."

ఇంకో దాంట్లోకి కాపీ చేస్తానన్నా ఒప్పుకోలేదు. మా బంధువుల పెళ్లి ఫోటోలు ఒక స్టూడియోలో ఇట్లాగే ఇందులోంచి అందులోకి మారుస్తూ మధ్యలో మాయమయ్యాయి. ఎదురింటి అక్క కంప్యూటర్ చిన్న రిపేరుకని అంగడికి వెళ్లి, కడిగిన పళ్లెంలా తిరిగొచ్చింది. ఈ రెండు సంఘటనల మీద అమ్మ తన కంప్యూటర్ శాస్త్రం మొత్తం కట్టుకుంది. నేను ఎదురు చెప్పడానికి నా దగ్గర అంతకంటే పెద్ద శాస్త్రం లేదు.

నాయన పోయాక ధూపం గిన్నె అటక దిగింది. ఇక ఇంట్లో దగ్గేవాళ్లు లేరు. శుక్రవారం నేను పని ముగించుకుని వచ్చేసరికి ఇల్లంతా సాంబ్రాణి వాసన ఉండేది. ఆ రోజే అమ్మ కంప్యూటర్ వేసుకుని నాయన గొంతు వినేది. మీట నొక్కడం, తెర వెలిగేదాకా కాచుకోవడం, చెత్తబుట్ట పక్కన రెండుసార్లు తట్టడం, ఆమెకు వచ్చిన విద్య అంతే. ఆ విద్యకు అప్పటిదాకా ఏ లోటూ రాలేదు.

జబ్బు ఫ్యాను చప్పుడుతో మొదలైంది. మీట నొక్కగానే మిక్సీ వేసినట్టు మోత. తర్వాత కాసేపటికి దానంతట అదే ఆరిపోవడం. అమ్మ మళ్లీ వేసేది, అది మళ్లీ ఆరిపోయేది. ఒక శుక్రవారం నేను గోదాములో లారీ సరుకు సరిచూస్తుంటే అమ్మ ఫోన్ చేసింది.

"పాపా, మీ నాయన 'ఏమే' అని పిలిచి ఆగిపోయినాడు."

చుట్టూ లోడింగ్ మనుషులు. "సరేమ్మా, వచ్చి చూస్తాను" అని పెట్టేశాను. అట్టపెట్టెల మధ్య నిలబడి కాసేపు ఏ లెక్కా తోచలేదు. పిలిచి ఆగిపోయినాడు అన్న మాట చెవిలోంచి పోలేదు.

మా ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే సిస్టమ్ అతన్ని అడిగాను. రీస్టార్ట్ చేయండన్నాడు. దానంతట అదే ఆరిపోతోందంటే, అయితే ఆన్ చేయండన్నాడు. అతను ఏ విషయంలోనూ ఇంతకంటే లోతుకు దిగగా నేను చూడలేదు.

అప్పుడు నేనే నెట్‌లో వెతకడం మొదలుపెట్టాను. కంప్యూటర్‌కు రోగనిర్ధారణ చేసే చిన్న చిన్న ప్రోగ్రాములు ఉంటాయని, వాటిలో కొన్నిటిని ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదని, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని అక్కడినుంచే నడపొచ్చని ఒకచోట చదివాను. పని అయ్యాక పెన్‌డ్రైవ్ పీకేస్తే అయిపోయింది. పోర్టబుల్ అంటారట వాటిని. లోపల ఏదీ ఎక్కదు, ఉన్నది ఏదీ కదలదు. మా అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆమె షరతులు విని రాసినట్టున్నాయి. పైగా ఉచితం.

ఉచితం అన్న మాటను నేను తొందరపడి నమ్మాను. మొదట దొరికిన ప్రోగ్రామును ఆఫీసులోనే నడిపి చూశాను. కన్ను మూసి తెరిచేలోగా తెరంతా ఎర్రబడింది. తప్పులు లెక్కలేనన్ని ఉన్నాయని, వెంటనే బాగుచేయకపోతే అంతా పోతుందని, బాగుచేయాలంటే కార్డు నంబరు ఇమ్మని అడిగింది. అది పరీక్షించింది ఆ వారమే అట్టపెట్టెలోంచి తీసిన కొత్త కంప్యూటర్‌ను. దాని మీద ప్లాస్టిక్ కాగితం కూడా ఇంకా తీయలేదు. సిస్టమ్ అతను వచ్చి చూసి రీస్టార్ట్ చేశాడు.

రెండోసారి జాగ్రత్తపడ్డాను. ఒక్కో పేజీలో పచ్చటి డౌన్‌లోడ్ బటన్లు అరటిగెలలా వేలాడుతుంటాయి. అవన్నీ వేరే ఏవో అంటగట్టడానికి. అసలు లింకు ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో, అడగనిదే పలకని మనిషిలా ఉంటుంది. ఎవరు ఆ ప్రోగ్రాం రాశారో వాళ్ల సొంత పేజీకే వెళ్లాలని, మధ్యవర్తుల పేజీలు తొక్కకూడదని, దించుకున్నదాన్ని నడిపే ముందు వైరస్ పరీక్షకు పెట్టాలని మెల్లగా తెలిసొచ్చింది. మధ్యాహ్నం సాంబారన్నం తింటూ తింటూ వీటిని ఒక్కొక్కటే పోగేశాను. మెమరీని చూసేది ఒకటి, హార్డ్ డిస్కును చూసేది ఒకటి, వేడిని చూసేది ఒకటి, వైరస్‌ను చూసేది ఒకటి. ఏదో ట్రాన్స్‌పోర్టు వాళ్లు పండక్కి పంచిన లారీ ఆకారం పెన్‌డ్రైవ్‌లో నింపుకున్నాను. లారీ ముందుభాగం ఊడదీస్తే పెన్‌డ్రైవ్.

ఆదివారం ఉప్పళంలో మా ఇంట్లో, కంప్యూటర్ ఉన్న గది తలుపు దగ్గరే అమ్మ నన్ను ఆపింది.

"ఏందది, బొమ్మ లారీ?"

"పరీక్ష చేసేదమ్మా. కంప్యూటర్‌కి పెట్టేది."

"లోపలికి పోతాదా?"

"పోదు. బయటే నిలబడి చూస్తాది."

"చూసి?"

"యాడ నొప్పో చెప్తాది."

అమ్మ ముక్కాలిపీట తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. ఆసుపత్రిలో నాయన మంచం పక్కన కూర్చున్నట్టే కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుని, నర్సు మీద కన్ను తీయకుండా. ఇక్కడ నర్సును నేను.

మెమరీ బాగుందని తేలింది. వైరస్ ప్రోగ్రాం ఇల్లంతా గాలించి ఒకే ఒక్క అనుమానాస్పద వస్తువును పట్టుకుంది. అది నా పెన్‌డ్రైవ్‌లోని వేడి చూసే ప్రోగ్రామే. దొంగను పట్టమంటే వెంట వచ్చిన పోలీసును పట్టుకుంది. హార్డ్ డిస్కును చూసే ప్రోగ్రాం మాత్రం పసుపు రంగు చూపించి, జాగ్రత్త అని రాసింది.

"పసుపు మంచిదే గదా" అంది అమ్మ.

ఇక్కడ కాదు. డిస్కు ఇంకా పనిచేస్తోంది, కానీ ముసలిదైంది, ఎప్పుడైనా మొండికేయొచ్చు అని దాని అర్థం. వేడి పెరిగేకొద్దీ తొందరగా మొండికేస్తుందని కూడా చదివాను. అది మొండికేస్తే నాయన అక్కడితో ఆఖరు. అమ్మతో మాత్రం మంచిదేలే అన్నాను.

వేడి చూసే ప్రోగ్రాం ఆ ఆదివారం పెద్దగా ఏమీ చెప్పలేదు. అంకె కొంచెం ఎక్కువే కానీ ఆరిపోయేంత కాదు. మరి శుక్రవారమే ఎందుకు ఆరిపోతుంది? ముహూర్తం చూసుకుని చెడిపోయే యంత్రాన్ని నేను ఎక్కడా చూడలేదు. దగ్గరుండి చూడాలని శుక్రవారం సెలవు పెట్టాను. కారణం అడిగితే ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఎవరికి అని వాళ్లు అడగలేదు.

శుక్రవారం పొద్దున కంప్యూటర్ వేసి, వేడి అంకె పెద్దగా కనిపించేలా పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ స్నానం చేసి వచ్చి గోడమీది నాయన ఫోటోకు పూలు పెట్టింది. వంటింట్లోకి వెళ్లి, ధూపం గిన్నెలో కణకణలాడే నిప్పులు వేసుకుని వచ్చింది. ఫోటో దగ్గరికి వెళ్తుందనుకున్నాను. నన్ను కాస్త జరగమంది. వంగి, బల్ల కింద నేలమీద ఉన్న కంప్యూటర్ డబ్బా ముందు గిన్నె పెట్టింది. ఆయుధపూజనాడు పెట్టిన గంధం బొట్టు ఆ డబ్బా నుదుట ఇంకా ఉంది. గిన్నెను దానికి ఆనించి, పిడికెడు సాంబ్రాణి పొడి నిప్పులమీద చల్లింది.

పొగ పైకి లేవలేదు. తీగలా సాగి నేరుగా డబ్బా ముందున్న చిల్లుల్లోకి వెళ్లిపోయింది. తెరమీద అంకె కదిలింది. నేను చూస్తుండగానే ఎక్కడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఏందిది? ఈడ ఎందుకు పెట్టినావు?"

"ఎప్పుడూ ఈడే గదా పెట్టేది."

"ఫోటోకి పెట్టొచ్చు గదా!"

"ఫోటోకి పెడితే పొగ ఊరికే పైకి పోతాది" అంది అమ్మ. "ఈడ పెడితే చూడు. మీ నాయన లోపలికి తీసుకుంటాడు."

డబ్బా ముందువైపు ఒక ఫ్యాను ఉంటుంది. బయటి గాలిని లోపలికి లాగడమే దాని పని. నిప్పుల వేడినీ, సాంబ్రాణి పొగనూ కూడా అది అంతే భక్తిగా లాగుతోంది. అమ్మ అది సంతోషంగా చూస్తోంది. ఈలోపు అంకె ఎర్రబడింది. మిక్సీ మోత వచ్చింది. తెర నల్లబడింది.

"చూసినావా, ఇట్లనే" అంది అమ్మ.

నాకు కోపం నషాళానికి అంటింది. "నిప్పులు పెడితే ఏ యంత్రం బతుకుతాదమ్మా? పొగ పెట్టి చంపతా ఉండావు దాన్ని!" అని అరిచాను. గిన్నె తీసి పెరట్లో పెట్టాను. స్క్రూడ్రైవర్ తెచ్చాను. ఉన్నదాన్ని కదిలించకూడదన్న షరతు అమ్మకు గుర్తుందో లేదో, పక్కకు జరిగి చోటిచ్చింది. డబ్బా పక్కరేకు ఊడదీశాను. లోపల ఫ్యాను రెక్కలమీద, దాని కింది అల్యూమినియం రేకుల మధ్య, నల్లటి జిడ్డు మందంగా పట్టుకుని ఉంది. గాలి పోవడానికి సందు లేదు. వేలితో గీకి అమ్మకు చూపించాను. వేలంతా సాంబ్రాణి వాసన.

అమ్మ నా వేలు పట్టుకుని వాసన చూసింది.

"అంటే, ఆయనకి ఊపిరాడకుండా చేసింది నేనా?"

"నాయనకి కాదమ్మా. కంప్యూటర్‌కి."

ఆ తేడా ఆమెకు ఏమీ పనికిరాలేదు. పీటమీద కూర్చుండిపోయింది. "పొగ పడదని తెలుసు గదా నాకు. ఉన్నప్పుడు ఒక్కనాడు పెట్టలా. పోయినాక పెడితే ఏమైతాది, ఇంక దగ్గు యాడిదీ అనుకున్నాను" అంది. కొంగుతో కళ్లు తుడుచుకోలేదు. నేనే ఏడ్చాను. అట్లా అరిచి ఉండకూడదు అనిపించింది.

తర్వాత అమ్మ లేచి వెళ్లి, అలమరలోంచి నాయన గడ్డం గీసుకునే బ్రష్షు తెచ్చింది. "దీంతో తుడువు. మెత్తగా ఉంటాది" అంది. మధ్యాహ్నందాకా తుడిచాను. రేకుల సందుల్లోంచి నల్లటి పొర ఊడి కాగితంమీద కుప్పపడింది. అమ్మ పక్కన కూర్చుని, ఆ మూల ఇంకా ఉండాది, ఈ మూల ఇంకా ఉండాది అని వేలు పెట్టి చూపించింది. రేకు బిగించి మీట నొక్కితే మోత లేదు. వేడి అంకె కింద ఎక్కడో బుద్ధిగా కూర్చుంది. ఎంతసేపు చూసినా పైకి రాలేదు.

అప్పుడు పసుపు సంగతి నిజం చెప్పాను. వేడి తగ్గినా డిస్కు ముసలిదేనని, కాపీ చేసి తీరాలని అన్నాను.

"కాపీ అంటే ఈడా ఉంటాడు, ఆడా ఉంటాడా?"

"రెండు చోట్లా ఉంటాడు."

"నేను చూస్తా ఉండంగా చెయ్యి."

ఆమె చూస్తుండగానే చేశాను. నాయన ఇప్పుడు బొమ్మ లారీలో కూడా ఉన్నాడు. అటు పక్కన మెమరీ పరీక్ష, ఇటు పక్కన వేడి పరీక్ష, మధ్యలో ఆయన. అమ్మ లారీలోంచి ఒకసారి, కంప్యూటర్‌లోంచి ఒకసారి వినిపించుకుని, రెండు చోట్లా దుడ్డు దండగ అన్నాడని నిర్ధారించుకున్నాక నన్ను అన్నం తినమంది. పెన్‌డ్రైవ్ దేవుడి గూట్లోకి వెళ్లింది. ఇప్పుడు నేను ఎవరి కంప్యూటర్‌నైనా పరీక్షించాలంటే కాళ్లు కడుక్కుని తీయాలి.

తర్వాతి శుక్రవారం పని ముగించుకుని ఇంటికొచ్చాను. గడప దాటగానే ఏదో తక్కువైనట్టు అనిపించింది. సాంబ్రాణి వాసన లేదు. తలెత్తి చూస్తే ధూపం గిన్నె అటకమీద బోర్లించి ఉంది. అమ్మ పొయ్యి ఆర్పేసి, కంప్యూటర్ ముందు కూర్చుని నాకోసం కాచుకుని ఉంది. నేను పక్కన కూర్చున్నాక చెత్తబుట్ట పక్కన రెండుసార్లు తట్టింది.

అలో, అలో అన్నాడు నాయన. దగ్గాడు. "ఏమే, ఆ పొగ యాడ్నుంచి వస్తా ఉండాది?"

"యాడా లేదు" అంది అమ్మ తెర వంక చూస్తూ. "గిన్నె అటకెక్కించేసినాను."

నాయన ఆ మాట వినలేదు. "కిటికీ మూయి" అన్నాడు.

ఇంట్లో పొగ లేదు. బయటా లేదు. అమ్మ లేచి వెళ్లి కిటికీ మూసి వచ్చి కూర్చుంది.